తాళం వేసిన ఇంటి కరెంటు

లైన్‌మన్ నటరాజ్ మెట్ల కిందికి వంగి, రెండు మీటర్లలో మేడ పోర్షనుది ఏదో చూసుకుని, ఫ్యూజు లాగి జేబులో వేసుకున్నాడు. వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న వజ్రమ్మ చేతులు దులుపుకుని లేచింది.

"ఏంది నటరాజూ, ఒక మాట చెప్పకుండానే పీకేస్తావా? పైన కొత్తోళ్లు దిగి ఐదు రోజులు కూడా కాలే."

"నేనేం చేసేది అక్కా. ఏప్రిల్ బిల్లు కట్టలే, జూన్ బిల్లూ కట్టలే. ఫైనుతో కలిపి మూడు వేల తొమ్మిది వందల చిల్లర. కట్టి రసీదు చూపిస్తే సాయంత్రమే వచ్చి పెట్టేస్తా."

"ఏప్రిల్ బిల్లు ఆ సత్యప్రియది. మార్చి ఆఖరున ఖాళీ చేసి పోయింది. ఆ పిల్లని అడగండి."

"కనెక్షను జయరామన్న పేరు మీదుంది కదక్కా. లోపల ఎవరు కాపురం ఉన్నారనేది మా ఆఫీసుకు పట్టదు."

అతను సైకిలెక్కి పోయాడు. మేడ మీద కొత్తగా దిగిన తణికైవేల్ భార్య, మూడు నెలల బిడ్డను భుజాన వేసుకుని, ఫ్యాను ఎందుకు ఆగిపోయిందని అడుగుతూ పిట్టగోడ దగ్గరికి వచ్చింది. "సాయంత్రానికి వచ్చేస్తుందిలే" అని చెప్పి వజ్రమ్మ లోపలికి వెళ్లి ఫోను తీసింది.

సత్యప్రియ రెండేళ్లకు పైగా తిరుత్తణిలోని ఆ మేడ మీద తల్లితో కలిసి ఉంది. ముప్పై లోపు వయసు. తిరువళ్లూరులో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. సొంతూరు పళ్లిపట్టు దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే. అద్దె తేదీ ఏనాడూ తప్పలేదు. అయినా వజ్రమ్మకు మొదటినుంచీ ఆ పిల్ల మీద ఒక కన్ను ఉండేది. పెళ్లి కాలేదు, ఎవరి జోలికీ రాదు, వీధిలో నిలబడి రెండు మాటలు మాట్లాడదు. అంత ముభావంగా ఉండేవాళ్ల దగ్గర ఏదో దాపరికం ఉంటుందని వజ్రమ్మ నమ్మకం. రోజూ సాయంత్రం పైనుంచి గ్రైండరు తిరిగే చప్పుడు వచ్చేది. ఇద్దరు మనుషులకు రోజూ పిండి ఎందుకు? ఇడ్లీ పిండి రుబ్బి, ప్యాకెట్లు కట్టి, ల్యాబులో వాళ్లకు అమ్ముతోందని వజ్రమ్మ తీర్మానించుకుంది. ఒకనాడు ఆ పిల్ల బయట పెట్టిన చెత్తబుట్టలో కవర్ల కోసం వెతికింది కూడా. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి అనుమానం ఇంకాస్త గట్టిపడింది.

ఇప్పుడీ బిల్లు చూశాక అంతా తేలిపోయినట్టు అనిపించింది. తమ కింది పోర్షనులో ఫ్రిజ్జు ఉంది, మూడు ఫ్యాన్లు ఉన్నాయి. బోరు మోటరు కూడా కింది మీటరు మీదే. మేడ వాళ్లకూ నీళ్లు అదే మోటరుతో ఎక్కుతాయి గనుక నెలకు మూడు వందలు నీళ్ల డబ్బు వేరేగా తీసుకునేది. అంత వాడినా మూడేళ్లుగా తమ బిల్లు సున్నా, ఎప్పుడైనా పెరిగితే నూరూ నూటయాభై. రెండు నెలల బిల్లుకు వంద యూనిట్ల దాకా సర్కారు ఉచితమిస్తుంది, దానిలోపలే సర్దుకుంటానని వజ్రమ్మ వీధిలో నలుగురికీ చెప్పుకునేది. గదిలోంచి బయటికి వస్తే ఫ్యాను కట్టెయ్యాలి, పగలు దీపం వెయ్యకూడదు, అంతే కిటుకు అనేది. అటువంటి ఇంట్లో మేడ మీద ఇద్దరాడవాళ్లు అంతంత బిల్లు తెచ్చారంటే పిండి వ్యాపారమే మరి.

ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఎత్తలేదు. వజ్రమ్మ ఆలస్యం చెయ్యకుండా ఇళ్ల బ్రోకరు శివరామయ్యకు చేసింది.

"అన్నా, ఆ సత్యప్రియకు తిరువళ్లూరులో ఇల్లు చూపించింది నువ్వే కదా. కరెంటు బిల్లు ఎగ్గొట్టి పోయింది. ఆ ఓనరుకు ఒక మాట చెయ్యి, రేపు వాళ్ల నెత్తినా ఇట్లే పెడుతుంది."

"అట్లనా? మనిషిని చూస్తే అట్లా కనిపించలేదే" అన్నాడు శివరామయ్య. చెప్తానన్నాడు.

పదకొండు గంటలకు ట్యాంకు ఖాళీ అయింది. మోటరు స్విచ్చి వేస్తే కదల్లేదు. ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఫ్రిజ్జు ఆడుతోంది, మోటరొక్కటే చచ్చిపోయింది. ఒకే రోజు అన్నీ ఇట్లా అఘోరించాలా అని తిట్టుకుంటూ ఆమె రెండు బిందెలు పక్కింటినుంచి తెచ్చుకుంది.

భర్త జయరామ భోజనానికి వచ్చాడు. ఒకప్పుడు మగ్గం నేసేవాడు. మోకాళ్లు పట్టేశాక పొదటూర్‌పేటలో చీరలెత్తి అరక్కోణం, తిరువళ్లూరు షాపులకు వేస్తూ కమీషను మీద బతుకుతున్నాడు. ఆటోవాడితో ఐదు రూపాయలకు అరగంట బేరమాడే మనిషి. ఫ్యూజు పీకిన సంగతి చెప్పగానే అతని చెయ్యి కంచంలోనే ఆగింది.

"నేను కట్టేస్తాలే" అన్నాడు.

"నువ్వెందుకు కట్టేది? ఆ పిల్ల చేత కట్టించాల."

"పైన పసిబిడ్డ ఉండాది వజ్రా. ముందు కట్టేద్దాం. తర్వాత చూసుకుందాం."

"మోటరు కూడా ఆడటం లే."

"దాన్ని తాకొద్దు. నేను చూస్తా." అతను సగం అన్నం వదిలేసి లేచాడు.

ఐదు గంటలకు నటరాజ్ వచ్చి ఫ్యూజు పెట్టాడు. ఐదున్నరకు జయరామ మోటరు స్విచ్చి వేశాడు. నీళ్లు ఎక్కాయి. ఏం చేశావని అడిగితే, వదులైన వైరు బిగించానన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో బల్బు మార్చాలన్నా పక్కింటివాళ్లను పిలిచే మనిషి. వజ్రమ్మ అతని చేతుల కేసి చూసింది. వేళ్లకు మట్టిగానీ మసిగానీ ఏమీ లేదు.

మర్నాడు ఆమె ఎవరికీ చెప్పకుండా ఈబీ కరెంటాఫీసుకు వెళ్లింది. సత్యప్రియ దగ్గర డబ్బు వసూలు చెయ్యాలంటే చేతిలో కాగితం ఉండాలి. కిటికీ లోపలి ఆమె కనెక్షను నంబరు కొట్టి, ఒక పేజీ తీసిచ్చింది. అక్కడే బెంచీ మీద కూర్చుని, అరవంలో ఉన్న ఆ వరుసలు వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది వజ్రమ్మ. ఏప్రిల్ మొదట్లో తీసిన రీడింగు ఐదు వందల నలభై యూనిట్లు. సరే, అది ఆ పిల్లదే. కింది వరుసలో జూన్ మొదట్లో తీసిన రీడింగు. రెండు వందల ఎనభై ఆరు యూనిట్లు.

ఆ రెండు నెలలూ మేడ తాళం వేసి ఉంది. సున్నం వేసేవాళ్లు నాలుగు రోజులు వచ్చారు, అదీ పగటిపూట. మిగతా రోజులు పైన ఈగ కూడా లేదు.

తాళం వేసిన ఇంట్లో కరెంటు ఎవరు కాల్చారు?

ఆఫీసునుంచి ఇంటికి నడిచి వచ్చేలోపు ఆమె దాన్ని అన్నివైపులా తిప్పి చూసింది. ఆ పిల్ల దగ్గర దొంగ తాళంచెవి ఉందేమో. కాని రోజూ ల్యాబుకు పోయే మనిషి తిరుత్తణి దాకా వచ్చి, తాను వీధి వాకిట్లో కూర్చుని ఉండగా మెట్లెక్కి ఎట్లా పోతుంది? తాను లేనప్పుడు వచ్చిందా? శుక్రవారాలు కొండకు పోయినప్పుడు, నెలకొకసారి చెల్లెలింటికి పోయినప్పుడు? అట్లా వస్తే ఇంట్లో ఉన్న జయరామకు తెలియకుండా ఉంటుందా? తాళంచెవులు రెండూ సత్యప్రియ జయరామ చేతికే ఇచ్చింది. అతను ఒకటే తెచ్చి తనకిచ్చాడు. రెండోది ఇప్పటికీ అతని పెట్టెలోనే ఉంది.

అక్కడ ఆమె నడక ఆగింది. చేప బండివాడు బెల్లు కొట్టుకుంటూ పక్కనుంచి పోయాడు.

అడిగీ అడగకుండానే నాలుగు వేలు తెచ్చి కట్టాడు. సత్యప్రియ మీద ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చుకని అడ్వాన్సులో ఆరు వేలు తాను పట్టుకుంటే, పాపం ఇచ్చెయ్యి అన్నవాడూ అతనే. అప్పుడు మంచితనం అనుకుంది.

సాయంత్రం జయరామ స్నానానికి పోయినప్పుడు అతని ఫోను తీసింది. ఏప్రిల్‌నుంచి సత్యప్రియ పేరుతో తొమ్మిది కాల్స్ ఉన్నాయి. కొన్ని ఆ పిల్ల చేసినవి, కొన్ని అతను చేసినవి. ఆఖరిది నిన్న, ఫ్యూజు పీకిన రోజు, రెండు గంటలకు. తాను చేస్తే ఎత్తని ఫోను అతను చేస్తే ఎత్తింది. ఎనిమిది నిమిషాలు మాట్లాడారు.

వజ్రమ్మ ఫోను ఎక్కడిది అక్కడ పెట్టింది. రాత్రి అతనికి అన్నం వడ్డించింది, మజ్జిగ పోసింది. అతను నమలడం, మింగడం చూస్తూ కూర్చుంది. ఇతను తనకు తెలిసిన మనిషేనా అని మొదటిసారి అనిపించింది.

రెండు రోజులు ఓర్చుకుని, చెల్లెలింటికి పోతున్నానని చెప్పి లోకల్ రైలెక్కింది. ఆ రోజు కృత్తిక, కొండ మీది గుడిలో తిరునాళ్ల రోజు. కొండ మీద మొక్కు తీర్చుకుని, గుండ్లకు చందనం పూసుకున్న వాళ్లతో పెట్టె నిండా ఇసుక వేస్తే రాలని జనం. తిరువళ్లూరులో దిగి, ల్యాబు ఎక్కడో అడుక్కుంటూ పోయేసరికి ఒంటిగంట. సత్యప్రియ తెల్లకోటు మీద చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఎవరో తెలిసి, వజ్రమ్మ వెనక ఇంకెవరైనా ఉన్నారా అని చూసింది.

"మీరొక్కరే వచ్చినారా అక్కా? అన్న రాలేదా?"

"ఆయనతో నీకేం పని?"

సత్యప్రియ ఆ గొంతు విని ల్యాబు తలుపు వైపు చూసింది. తర్వాత, "ఈడ వద్దు. టీ అంగట్లో కూర్చుందాం రాండి" అంది.

అంగడి లోపలి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. టీ వజ్రమ్మ ముట్టలేదు.

"నాకు అన్నతో పనేం లేదక్కా. డబ్బిస్తానని ఏప్రిల్‌నుంచి చెప్తా ఉండాడు. ఇయ్యలే. అందుకే ఫోన్లు చేసినా. మొన్న ఆయనే చేసి, ఫ్యూజు పీకేసినారు, నేనే కట్టినా, నీదింకొంచెం ఆగు అన్నాడు."

"నీకు మా ఆయన డబ్బెందుకు ఇయ్యాల?"

"మీకు నిజంగానే తెలీదా?"

"ఏంది తెలిసేది? బిల్లు ఎగ్గొట్టింది నువ్వు."

సత్యప్రియ ఫోను తీసి బల్ల మీద పెట్టింది. మెట్ల కింది మీటరు ఫోటో. కింద తేదీ ఉంది, మార్చి ముప్పై ఒకటి. "నేను ఖాళీ చేసిన రోజు రీడింగు ఇది. బిల్లు మెసేజిలకు నా నంబరే ఇచ్చుంటి గదా, జూన్ మెసేజి కూడా నాకే వచ్చింది. చూడండి. నేను పోయినాక కూడా రెండు వందల ఎనభై పైన తిరిగింది. తాళమేసిన ఇంట్లో ఎవరక్కా వాడింది?"

వజ్రమ్మ అడగాలని వచ్చిన ప్రశ్న అది. దాన్ని ఆ పిల్లే తనను అడుగుతోంది.

"జనవరిలో ఊరికి పోతా పోతా మెయిన్ దించేసినా. ఎందుకో అనుమానమొచ్చి కిందికొచ్చి మీటరు చూస్తే ఎర్రలైటు మినుకుతానే ఉంది. పైన ఒక్క బల్బు లేదు. మీరు లోపల మోటరు కట్టేసినారు. లైటు ఆగిపోయింది. మళ్లా మోటరేసినారు. మళ్లా మినుకింది. మీ మోటరు మా మీటరు మీదుండాదక్కా. రెండేళ్లు దాని కరెంటు నేనే కట్టినా. దానికి తోడు మీకు నెలనెలా నీళ్ల డబ్బూ ఇచ్చినా."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీకా?" సత్యప్రియ గ్లాసు పక్కకు జరిపింది. "మీరు నా చెత్తబుట్ట వెతికినారు. మా అమ్మకు పళ్లు లేవు, అన్నం దిగదు, రోజూ ఇంత పిండి రుబ్బి అంబలి కాస్తా ఉంటి. దానికి మీరు వీధంతా ఏం చెప్పినారో నాకు తెలుసు. మీకు చెప్తే నేనే వైరు తగిలించినానంటారు. అందుకే ఖాళీ చేసే రోజు అన్నకు చెప్పినా. ఆయన నా చేతులు పట్టుకున్నంత పని చేసినాడు. ఈ ఆఖరి బిల్లు నేను కట్టేస్తా, సున్నానికి పట్టుకున్న ఆరు వేలు కూడా నిదానంగా ఇస్తా, వజ్రకు మాత్రం చెప్పొద్దన్నాడు. చెప్పలే."

"ఫోటోలు ఎట్లన్నా చెయ్యొచ్చు" అంది వజ్రమ్మ. తన గొంతు తనకే నీరసంగా వినిపించింది.

"అట్లనే అనుకోండి. నిన్న మా ఓనరు పిలిపించినాడు. తిరుత్తణిలో బిల్లు ఎగ్గొట్టి వచ్చినావంట, ఇంకో ఇరవై వేలు అడ్వాన్సు కట్టు, లేదంటే వేరే ఇల్లు చూసుకో అన్నాడు. ఆ మాట శివరామయ్యకు చేరేసింది మీరే కదా." ఆమె లేచి రెండు టీలకూ డబ్బిచ్చింది. "నాకు టైమైపోయింది."

తిరుగు బండిలో వజ్రమ్మకు కిటికీ పక్క సీటు దొరికింది. కడంబత్తూరు, తిరువాలంగాడు దాటాయి. ఆ పిల్లా జయరామా కలిసి అల్లిన కథ అయితే? తాను వచ్చేలోపు ఫోను చేసి ఇట్లా చెప్పు అని నేర్పి ఉంటే? అట్లా అనుకోవడమే తేలిగ్గా ఉంది. కాని అట్లా అనుకుంటే భర్త చెడ్డవాడవుతాడు, ఇట్లా అనుకుంటే ఇల్లే చెడ్డదవుతుంది. ఎటు చూసినా నిలబడడానికి చోటు లేదు.

మర్నాడు తణికైవేల్ డ్యూటీకి పోయాడు. రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే పని అతనిది. అతని భార్య బిడ్డకు టీకా వేయించడానికి బయల్దేరింది. మెయిన్ దించి పొమ్మని వజ్రమ్మ చెప్పింది. ఎందుకని ఆ అమ్మాయి అడగలేదు. జయరామ కూడా ఇంట్లో లేడు. వీధి తలుపు గడియ పెట్టి, వజ్రమ్మ మెట్ల కింద గొంతుక్కూర్చుంది.

పై మీటరు ఎర్రలైటు వెలగలేదు. అరనిమిషం చూసింది. లోపలికి వెళ్లి మోటరు వేసి వచ్చింది. లైటు మినుకుమినుకుమంటోంది, గబగబా. పక్కనే ఉన్న తమ మీటరు ఎప్పుడో ఒకసారి, బద్ధకంగా మినుకుతోంది. మోటరు కట్టేసింది. పై లైటు ఆగింది. మళ్లీ వేసింది. మూడుసార్లు చేసింది. నాలుగోసారి ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతున్నాయని ఎదురింటివాళ్లు కేకేశారు.

ఆమె మోటరు కట్టేసి గడప మీద కూలబడింది. నాలుగు రోజులుగా గుండెల్లో పెట్టుకుని తిరిగిన భయం ఒకటి తీరిపోయింది. భర్తకూ ఆ పిల్లకూ మధ్య ఏమీ లేదు. తీరినందుకు సంతోషపడే ముఖం మాత్రం మిగల్లేదు.

జయరామ వచ్చేదాకా ఆమె పొయ్యి వెలిగించలేదు. అతను చెప్పులు విడుస్తుండగానే అడిగింది.

"మోటరు వైరు పై మీటరుకు ఎవరు కలిపినారు మామా?"

అతను ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయాడు. ఆ తర్వాత ఆమె ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. అతను బెంచీ మీద కూర్చుని నేల చూస్తూ చెప్పాడు.

"మూడేళ్ల కింద నీళ్లు అడుగుకు పోతే రెండు హార్స్‌పవర్ మోటరు దించినాం గదా. ఆ నెల బిల్లు పద్నాలుగు వందలొచ్చింది. అదే నెల చీరల మూట వెనక్కి పంపేసినారు, చేతిలో పైసా లే. నువ్వు ఆ బిల్లు తీసుకుపోయి పక్కింట్లో చూపించినావు. సంపాదించేది లేదుగానీ కాల్చేది మాత్రం బాగుందన్నావు. మూడు రోజులు నాతో మాట్లాడలే."

వజ్రమ్మకు ఆ బిల్లు గుర్తుంది. మూడు రోజులు గుర్తులేవు.

"ఎలక్ట్రీషను రాజ్‌మోహన్ అన్నాడు, పైన ఖాళీగా ఉంది గదా అన్నా, ఆ వంద యూనిట్లు ఊరికే పోతా ఉండాయి, మోటరు దానికి కలిపేస్తానని. తప్పేముందిలే అనుకున్నా. తర్వాత ఆ పిల్ల దిగింది. మార్పించాల, మార్పించాల అనుకుంటానే ఉంటి. ఈలోపల మన బిల్లు సున్నా వచ్చింది. నువ్వు వీధంతా చెప్పుకుంటివి. ఎన్నో ఏండ్లకు నీ మొహంలో సంతోషం చూసినా. ఇంక యాడ మార్చేది?"

"నా నెత్తిన వెయ్యొద్దు."

"వెయ్యటం లే. చేసింది నేనే."

"నీళ్ల డబ్బని ఆ పిల్ల దగ్గర మూడు వందలు నేను తీసుకుంటా ఉంటే, చూస్తా ఊరకుంటివి."

అతను రెండో చెప్పు విప్పి గోడ పక్కన పెట్టాడు. ఆ రాత్రి ఇద్దరూ పొద్దుటి అన్నమే తిన్నారు.

ఆదివారం ఇద్దరూ కలిసి తిరువళ్లూరు వెళ్లారు. వజ్రమ్మ చీటీ ఎత్తి డబ్బు తెచ్చింది. సత్యప్రియ ఉండేది వీరరాఘవస్వామి గుడి వెనక సందులో, చౌడయ్య అనే ఆయన ఇంటి వెనక పోర్షను. తల్లి తలుపు తీసి, ఎవరో చూసి, లోపలికి రమ్మనకుండా కూతుర్ని పిలిచింది.

వజ్రమ్మ కవరు చాపింది. "సున్నం పేరుతో పట్టుకున్న ఆరు వేలు, మోటరు కరెంటుకు నువ్వు కట్టింది, నీళ్ల డబ్బు, అన్నీ ఉండాయి. చూసుకో."

సత్యప్రియ అందుకోలేదు. "నీళ్ల డబ్బు నాకొద్దు. నీళ్లు నేనూ వాడుకున్నా. ఏప్రిల్ బిల్లులో మా ఇంటి వాడకం కూడా తీసేయండి. మిగతాది ఇయ్యండి. దానికంటే ముందు చౌడయ్యగారితో మాట్లాడండి. ముందు గదిలోనే ఉండాడు."

చౌడయ్య డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు సరిహద్దు పల్లెలో పొలాలుండేవి, అవి అమ్మి ఈ ఇళ్లు కట్టుకున్నాడు. వజ్రమ్మ చెప్పింది మొత్తం విని, కళ్లద్దాలు పైకి తోసుకుని ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"మొన్నేమో ఎగ్గొట్టిందని శివరామయ్య చేత చెప్పిస్తివి. ఈ రోజొచ్చి మంచిదంటా ఉండావు. ఈ పిల్ల నీకేమన్నా ఇచ్చి పిలుచుకొచ్చిందా?"

"లేదయ్యా. తప్పు మాదే."

"తప్పు మాదని ఇంత దూరం వచ్చి చెప్పే ఓనర్ని నేను చూడలేదే. నాకూ నాలుగిళ్లుండాయి. ఏందో మతలబు ఉంది ఇందులో."

వజ్రమ్మకు ముఖం మండిపోయింది. ఏం చెప్పినా ఆ కళ్లు నమ్మడం లేదు. చెప్పేకొద్దీ తానే ఏదో దాస్తున్నట్టు అవుతోంది. ఈబీ కాగితం తీసి చూపించింది. ఆయన దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి తిరిగిచ్చేశాడు.

అప్పటిదాకా గడప బయట నిలబడిన జయరామ లోపలికి వచ్చాడు.

"అయ్యా, ఆ వైరు కలిపించింది నేను. నా పెండ్లానికి కూడా తెలీదు. ఈ పిల్ల కనిపెట్టి నా దగ్గరికొస్తే, ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నా. చెప్పకుండా ఉన్నందుకే ఈ పిల్లకు దొంగ పేరొచ్చింది. రెండేళ్లు కరెంటు దొంగతనం చేసింది నేను. మీరు ఇంకెవరినైనా అడగాలంటే రాజ్‌మోహన్ అని ఎలక్ట్రీషను ఉండాడు, నంబరిస్తా."

చౌడయ్య అతన్ని చాలాసేపు చూశాడు. "సరే పో" అన్నాడు చివరికి. "ఇరవై వేలు వద్దులేమ్మా సత్యా. ఉండు." ఆ తర్వాత వజ్రమ్మ వైపు తిరిగి, "ఆ శివరామయ్యకు నువ్వే ఫోను చెయ్యి. ఈడనే. నేను వినాల" అన్నాడు.

ఆమె చేసింది. స్పీకరు పెట్టమన్నాడు, పెట్టింది. మొదటిసారి చెప్పినప్పుడు శివరామయ్యకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. "అంటే మీ మోటరా?" అని అతను గట్టిగా అడిగాడు. "మా మోటరే" అంది వజ్రమ్మ.

వెళ్లేటప్పుడు సత్యప్రియ కవరులోని నోట్లు వాళ్ల ఎదుటే రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఎక్కువైనవి తిరిగిచ్చేసింది. తల్లి మాత్రం రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి గడప మీద పెట్టింది. వజ్రమ్మ తాగి, గ్లాసు కడిగి బోర్లించింది.

స్టేషనులో బండి కోసం కూర్చున్నప్పుడు ఆమె అడిగింది. "ఇంతేనా మామా? నాకు చెప్పకుండా ఇంకేమన్నా ఉందా?"

"ఏం లే" అన్నాడు జయరామ.

అతని గొంతులో అబద్ధం ఏమీ వినిపించలేదు. ఫ్యూజు పీకిన రోజు మోటరు వైరు బిగించానన్నప్పుడు కూడా వినిపించలేదు.

మరుసటి వారం వేరే ఎలక్ట్రీషనును పిలిచి మోటరును కింది మీటరుకు మార్పించారు. సంగతి అప్పటికే వీధిలో పాకిపోయింది. ఎవరి నోటినుంచో తణికైవేల్ చెవిలోనూ పడింది. సెలవు రోజు పొద్దున అతను టెస్టరూ, చిన్న టార్చీ, స్టూలూ పట్టుకుని కిందికి దిగాడు.

"తప్పుగా అనుకోవద్దక్కా. ఒకసారి అంతా చూసుకుంటా" అన్నాడు మర్యాదగానే.

"చూసుకో నాయనా."

అతను మీటర్లు చూశాడు. మోటరు స్విచ్చి విప్పి చూశాడు. తర్వాత, కొంచెం మొహమాటపడి, ఇంట్లోకి రావచ్చా అని అడిగాడు. వంటింట్లో ఫ్రిజ్జు వెనక ప్లగ్గు చూశాడు. మూసేసిన మగ్గం గదిలో గోడ వెంబడి పోయిన పాత వైరు ఎటు పోతుందో చెయ్యి పెట్టి తడుముకుంటూ పోయాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి లోపలికి తొంగిచూశారు. మగ్గం గదిలో వెలుతురు చాలలేదు. అతను స్టూలెక్కి, టార్చి పళ్లతో పట్టుకుని, గోడ మీది వైర్ల పెట్టె మూత విప్పబోయాడు. స్టూలు ఒక కాలు కుంటిది, ఊగింది.

వజ్రమ్మ వెళ్లి రెండు చేతులతో ఆ స్టూలు పట్టుకుని, అతను అన్ని వైర్లూ చూసి దిగేదాకా అక్కడే నిలబడింది.